గానుగ నూనె బాగుందంటున్నారు, రెండోసారి మాత్రం రావట్లేదు. చేతిలో డబ్బుల్లేవు, అమ్మకం పెంచేదెలా?

గానుగ_అంబాజీపేట

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఎనిమిదేళ్లు గల్ఫ్‌లో డ్రైవర్‌గా చేశాను, నాన్నగారికి ఒంట్లో బాగోక పోయినేడు వచ్చేశాను, ఇక మళ్లీ వెళ్లాలని లేదు. మాకు ఎకరంన్నర కొబ్బరి తోట ఉంది. కాయలు దింపించి మార్కెట్‌కి తోలేసే బదులు మనమే నూనె ఆడి అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయి కదా అని చెక్క గానుగ పెట్టాను. మోటారు, షెడ్డు, కరెంటు పని, స్టీలు డ్రమ్ములు అన్నీ కలిపి 3,20,000 అయింది. సగం నేను దాచుకున్నది, మిగతాది మా ఆవిడ డ్వాక్రా లోను, కొంత బంగారం మీద తెచ్చింది.

నూనెలో ఏ కల్తీ లేదండి, నా పిల్లలకి రాసే నూనే అమ్ముతున్నాను. మా గానుగలో 10 కిలోల ఎండు కొబ్బరి వేస్తే ఆరు కిలోల లోపే నూనె దిగుతుంది, కాబట్టి ప్యాకెట్ నూనె ధరకి ఇవ్వడం నావల్ల కాదు. వాడినవాళ్లు ఒక్కరు కూడా బాగోలేదు అనలేదు. అయినా నెలకి 35 లీటర్లు దాటట్లేదు, అందులో సగం చుట్టాలే. లీటరుకి ఖర్చులు పోను 80 రూపాయలు మిగిలితే 35 లీటర్లకి వచ్చేది 2,800, నెలకి కట్టాల్సిన వాయిదా 6,900. తక్కువ పడింది కొబ్బరికాయల డబ్బుల్లోంచి కడుతున్నాను. రాత్రి పడుకుంటే అదే టెన్షన్.

పబ్లిసిటీకి ఇప్పటికే 22,000 పోయాయి. రోడ్డు మీద మూడు ఫ్లెక్సీలకి 3,000, పేపర్లో పెట్టి పంచే కరపత్రాలకి 5,000, ఫేస్‌బుక్ యాడ్‌కి 6,000, రీల్స్ చేసే ఒకతనికి 8,000. రీల్‌కి లైకులు బాగానే వచ్చాయి, ఫోన్లు కూడా వచ్చాయి, కానీ ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "లీటరెంత?" అనడం, చెప్పగానే "ఆలోచించి చేస్తాం" అని పెట్టేయడం. ధర తగ్గించాలా, ఆన్‌లైన్ సైట్లలో పెట్టాలా, లేకపోతే ఇంకేమైనా దారి ఉందా? ఇక మీదట నెలకి వెయ్యి రూపాయలకి మించి పెట్టలేను. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

పాలకొల్లు_కొట్టు

బాబూ, నాకు 58 ఏళ్లు, వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. పాలకొల్లులో మా తాతగారి నాటి కిరాణా కొట్టు మాది.

నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. కొత్తవాళ్లని రప్పించడానికి 22,000 పెట్టావు, ఒకసారి కొన్నవాళ్ల కోసం ఏం చేశావో ఒక్క మాట రాయలేదు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి నీ దగ్గర ఎంతమంది కొన్నారు? వాళ్లు ఎవరు, ఏ ఊరు, ఎప్పుడు కొన్నారు? ఈ మూడూ నువ్వు చెప్పలేకపోతే నీ జబ్బు అక్కడే ఉంది.

మా నాన్నగారి ఖాతా పుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. ఎర్ర అట్ట, పొడుగ్గా ఉండేది. అందులో అప్పుల లెక్క ఒక్కటే కాదు, ఫలానా వారింట్లో పిల్ల పెళ్లి వైశాఖంలో అనీ, ఫలానా మాస్టారింట్లో నెలకి రెండు కిలోల మినప్పప్పు అనీ పక్కన చిన్నచిన్న అక్షరాలతో రాసుకునేవారు. పెళ్లికి నెల ముందే ఆయన సైకిలేసుకుని వాళ్లింటికి వెళ్లి "సరుకుల లిస్టు రాసుకుందామా అండి" అనేవారు. వాళ్లు ఇంకో కొట్టుకి వెళ్లే అవసరమే ఉండేది కాదు. ఆ అలవాటుతోనే ఇప్పుడు ఇన్ని సూపర్ మార్కెట్లు వచ్చినా నా కొట్టు నడుస్తోంది.

నువ్వు చేయాల్సింది ఇది. ఇరవై రూపాయల నోటు పుస్తకం ఒకటి కొను. ఫోన్‌పేలో డబ్బులు వేసినవాళ్ల పేర్లు, తేదీలు హిస్టరీలో ఉంటాయి, కాల్ లిస్టులోనూ వాట్సాప్‌లోనూ నంబర్లు ఉంటాయి. రెండూ ఎదురెదురు పెట్టుకుని పేరు, ఊరు, నంబరు, ఎంత కొన్నారు, ఏ రోజు కొన్నారు అన్నీ రాయి. ఒక రోజు పడుతుంది. తర్వాత సాయంత్రం ఆరు తర్వాత, ఆడవాళ్లు కాస్త తీరికగా ఉండే వేళ చూసి ఒక్కొక్కరికి ఫోన్ చెయ్యి. కొనమని అడగకు. "నూనె ఎలా ఉందండి, ఏమైనా లోపం ఉంటే చెప్పండి" అని అడిగి ఊరుకో, తర్వాత వాళ్లనే మాట్లాడనీ. వాళ్లు చెప్పేది కూడా ఆ పుస్తకంలోనే రాయి.

ధర మాత్రం తగ్గించకు. తగ్గించిన ధర మళ్లీ పెంచడం ఎంత కష్టమో కొట్టు నడిపేవాణ్ణి నాకు తెలుసు. పైగా ఇవాళ ఇరవై తగ్గిస్తే నిన్న కొన్నవాడికి కోపం వస్తుంది.

కడియం_మొక్కలు

బ్రదర్, పెద్దాయన చెప్పింది కరెక్టే కానీ వీడియోలు అసలు దండగ అనుకోకండి. నాది కడియపులంకలో చిన్న నర్సరీ, ఎకరం లోపే. నా కస్టమర్లు తెలంగాణ, ఒడిశా, కర్ణాటక నుంచి వస్తారు. వాళ్లకి నేను కనబడాలంటే ఫోనే దిక్కు. కాబట్టి నాకు వీడియో పని చేసింది. అయితే డబ్బులిచ్చి చేయించిన వీడియో ఒక్కటీ పని చేయలేదు, పొద్దున్నే మొక్కలకి నీళ్లు పెడుతూ నేను తీసి పెట్టినవే పని చేశాయి. "ఈ మామిడి అంటు కొనేటప్పుడు అంటు కట్టిన చోట ఇలా గట్టిగా ఉందో లేదో చూడండి, ఇలా ఊగితే కొనకండి" అని చెప్పే వీడియో చూసి ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయి. కొనేవాడు మోసపోకుండా మనం ఒక విషయం నేర్పిస్తే మన మీద నమ్మకం దానంతటదే వస్తుంది. మీరు కూడా మంచి కొబ్బరి, బూజు పట్టిన కొబ్బరి పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇంకొకటి, గూగుల్ మ్యాప్‌లో మీ గానుగ పెట్టారా? అది ఫ్రీ. షెడ్డు, బోర్డు, మిషను వీడియో తీసి పంపమంటారు, ఓకే అయితే మ్యాప్‌లో కనబడతారు. అంబాజీపేట వైపు వచ్చినవాళ్లు "గానుగ నూనె" అని వెతికితే మీ పేరు రావాలి. రెగ్యులర్‌గా కొనే పదిమంది చేత రివ్యూ రాయించుకోండి, చుట్టాల చేత రాయించకండి, చదివేవాళ్లకి తెలిసిపోతుంది.

రేకుల_అక్క

తమ్ముడుగారూ, మాది ఆత్రేయపురం పక్క ఊరు, పాతికేళ్లుగా పూతరేకులు చేస్తున్నాను. మొదట రేకులు తీసి షాపులకి వేసేదాన్ని, ఇప్పుడు నా పేరు మీదే అమ్ముతున్నాను, నాతో పాటు నలుగురు ఆడవాళ్లు పని చేస్తారు.

మీ గానుగ ఎక్కడ పెట్టారు? ఇంటి వెనకాలా, రోడ్డు మీద కనబడేట్టా? ఎందుకడుగుతున్నానంటే, నేను ఇంట్లో కూర్చుని రేకులు తీసినన్నాళ్లూ రోడ్డున పోయేవాళ్లెవరూ ఆగలేదు. ఒకసారి వానకి వెనక పాక కురుస్తోందని కుండ తెచ్చి వీధి అరుగు మీద పెట్టాను. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు మండుతుంటాయి, పల్చటి గుడ్డ బియ్యప్పిండి నీళ్లలో ముంచి కుండ మీద అలా ఒక్క విసురు విసిరితే కళ్ల ముందే రేకు వచ్చేస్తుంది, దాన్ని చేత్తో ఎత్తితే అవతలి మనిషి కనబడతాడు. ఆ రోజు రోడ్డు మీద పోయే కారు ఒకటి ఆగింది. వాళ్లు దిగి, చూసి, పిల్ల చేత కూడా ఒక రేకు తీయించి, ఐదు డబ్బాలు పట్టుకెళ్లారు. ధర ఎంత అని అడిగింది డబ్బులిచ్చేటప్పుడే! అప్పట్నుంచి నా కుండ వీధి అరుగు మీంచి లోపలికి వెళ్లలేదు.

నూనె సీసాలో చూస్తే అన్ని నూనెలూ ఒకటే. గానుగ తిరుగుతుంటే వచ్చే ఆ కొబ్బరి వాసన సీసాకి రాదు కదా. "ప్రతి బుధవారం, ఆదివారం పొద్దున 8 నుంచి 11 దాకా గానుగ ఆడుతుంది, మీ కళ్ల ముందే పట్టుకోండి, మీ కొబ్బరి తెచ్చుకున్నా కూలికి ఆడి ఇస్తాం" అని బోర్డు పెట్టండి. మీ చుట్టుపక్కల ప్రతి ఇంట్లో కొబ్బరి ఉంటుంది, మీ నూనె కొనరు, తమ కాయ తెచ్చుకుని ఆడించుకుంటారు. ఆడిన కూలీ వస్తుంది, నూనె తీశాక మిగిలే కొబ్బరి చెక్క మీరు ఉంచుకుంటే కూలీ కాస్త తగ్గించొచ్చు, ఆ చెక్క గేదెలున్నవాళ్లు పట్టుకెళ్తారు.

మా వాడపల్లి వెంకన్న దగ్గరికి జనం ఏడు శనివారాలు వస్తారు, మీకు తెలిసే ఉంటుంది. ఆ ఏడు వారాల లెక్క అమ్ముకునేవాళ్లకి ఎంత వరమో చాలామంది గమనించరు. మామూలు తీర్థంలో ఒకసారి కొన్న మనిషి మళ్లీ కనబడడు, ఇక్కడ ఇవాళ కొన్న మనిషే వచ్చే శనివారం మళ్లీ నీ ముందు నుంచే నడుస్తాడు. నేను మొదటి వారం వచ్చినవాళ్లకి పావు డబ్బా మాత్రమే కొనమంటాను, "తిని చూడండి, బాగుంటే ఏడో వారం ఊరెళ్లేటప్పుడు మీ వాళ్లందరికీ పట్టుకెళ్దురు" అంటాను. చాలామంది అలాగే చేస్తారు. గుడి దగ్గర సొంతంగా అంగడి పెట్టాలంటే వేలంపాటలు, అద్దెలు ఉంటాయి, అది మీకొద్దు. ఉన్న షాపులో కమీషన్ మీద 100 మి.లీ. సీసాలు పెట్టించండి. మా ఆడపడుచుకి అక్కడ చిన్న షాపు ఉంది, కావాలంటే మాట్లాడతాను. దీపారాధనకి చిన్న సీసా కొంటారు, ఇంటికెళ్లాక మిగిలింది తలకి రాసుకుంటారు, మళ్లీ శనివారం వచ్చి అడుగుతారు.

మూతకి మీ ఫోన్ నంబరు అంటించండి. లేబుల్ నూనె తగిలి ఊడిపోతుంది, మూత మీద పైనుంచి అంటించింది ఊడదు. 2023లో మా పూతరేకులకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకే అన్న గుర్తింపు వచ్చాక ఊరి పేరు ఇంకా దూరం వెళ్లింది, సంతోషమే, కానీ ఊళ్లో ఇంతమంది చేస్తుంటే హైదరాబాద్‌లో తిన్నామె మళ్లీ నా దగ్గరికే రావడానికి కారణం డబ్బా లోపల పెట్టిన నా నంబరు చీటీయే.

రాజోలు_అమ్మాయి

నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. పుట్టిల్లు రాజోలు దగ్గర, ఉండేది హైదరాబాద్ మియాపూర్‌లో. కొనేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది అన్నయ్యగారూ.

మొదటిది, మన కోనసీమలో అంత కొబ్బరి ఉన్నా మన ఇళ్లలో కొబ్బరి నూనెతో వంట చేయరు. కేరళ వాళ్లలాగా పోపులో వేసుకోం. తలకి, పసిపిల్లలకి, దీపానికి, అంతే. నాకు అర లీటరు సీసా మూడు నాలుగు నెలలు వస్తుంది. మా ఇంట్లో ఏడాదికి రెండు లీటర్లకి మించి మీరు ఎంత మంచి నూనె ఇచ్చినా అమ్మలేరు. అదే ఆవకాయకైతే నేను ఒక్కసారే ఐదారు లీటర్ల పప్పు నూనె, అదే నువ్వుల నూనె, కొంటాను. గానుగలో ఆడిన పప్పు నూనె కోసం ఏటా ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్‌లో ఉన్న గోదావరి జిల్లాల వాళ్లం పదిమందిమి ఎవరెవరినో అడుక్కుంటాం. మీ గానుగ నువ్వులు కూడా ఆడుతుంది కదా? సంక్రాంతి ఇప్పుడే వెళ్లింది, ఉగాదికి ఇంకా టైముంది, ఇప్పుడే నువ్వులు చూసుకోండి.

రెండోది, వాట్సాప్‌లో రోజూ గుడ్ మార్నింగ్ పువ్వుల బొమ్మలు, దేవుడి ఫోటోలు పంపేవాళ్లని మ్యూట్ చేసేస్తాను, వాళ్లు నిజంగా సరుకు గురించి పంపినప్పుడు కూడా చూడను. నేను పచ్చళ్లు కొనే మండపేట ఆవిడ నెలకి రెండే మెసేజ్‌లు పెడతారు. "గురువారం కాకరకాయ పచ్చడి పెడుతున్నాను, 18 కిలోలే, కావలసినవాళ్లు బుధవారం లోపు చెప్పండి, శుక్రవారం ఆర్టీసీ కార్గోలో వేస్తాను." అంతే. ఎప్పుడు చేస్తున్నారు, ఎంత ఉంది, ఎప్పుడు వస్తుంది, మూడూ అందులో ఉంటాయి. నేను చేస్తున్న పని ఆపి ఆర్డర్ పెడతాను.

పార్శిల్ కారకుండా చూసుకోండి. ఒకసారి వేరే చోటు నుంచి తెప్పిస్తే అట్టపెట్టె మొత్తం నూనె, పక్కింటి వాళ్ల గుమ్మం దాకా జిడ్డు. ఆ నూనె ఎలా ఉందో నాకు గుర్తే లేదు, ఆ జిడ్డు కడగడం మాత్రం గుర్తుంది. మళ్లీ వాళ్ల దగ్గర కొనలేదు.

లెక్కల_మాస్టారు_భీమవరం

లెక్కలు, లైసెన్సులు చూసే మనిషిని, క్లుప్తంగా చెప్తాను. తినే సరుకులు అమ్మేవాళ్లకి ఉండాల్సిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉందా? చిన్నవాళ్లకి బేసిక్ రిజిస్ట్రేషన్ నేను చేయించినన్నాళ్లూ ఫీజు ఏడాదికి 100 రూపాయలే, ఆన్‌లైన్‌లో మీరే చేసుకోవచ్చు, ఏజెంటుకి వేలు ఇవ్వకండి. ఆ 14 అంకెల నంబరు, ఆడిన తేదీ, బరువు, ధర, మీ చిరునామా సీసా మీద ఉండాలి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, అది కూడా చేసుకోండి, రేపు బ్యాంకుకి వెళ్తే అడుగుతారు. తినే నూనె అని అమ్ముతూ "జుట్టు రాలదు, బట్టతల మీద మొలుస్తుంది" లాంటివి రాయకండి. తలనూనెగా అమ్మితే అది కాస్మెటిక్ కిందికి వస్తుంది, దాని లైసెన్సు వేరు. కొబ్బరి నూనె చిన్న సీసాలో ఉన్నంత మాత్రాన తలనూనె అయిపోదని 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు పన్ను కేసులో చెప్పింది, కానీ మీరే లేబుల్ మీద తలనూనె అని రాసుకుంటే ఆ మాట మీకు పనికిరాదు.

ఆన్‌లైన్ సైట్లు ఇప్పుడొద్దు. వాళ్ల కమీషన్, రవాణా, వాపసు వచ్చిన సీసాలు పోను మీ 80 రూపాయల్లో మిగిలేది చాలా తక్కువ, పైగా కొన్న మనిషి నంబరు మీ చేతికి రాదు.

గానుగ_అంబాజీపేట

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదండి, అందరికీ చేతులెత్తి దండం. బాబాయ్‌గారు చెప్పినట్టు పుస్తకం కొని కూర్చున్నాను. మొత్తం 94 మంది తేలారు, చుట్టాల్ని తీసేస్తే 61. నాలుగు సాయంత్రాలు కూర్చుని 40 మందికి చేశాను, 31 మంది ఎత్తారు. వాళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే నేను అనుకున్నది ఒక్కటీ కాదు.

12 మంది అన్నది: నూనె అయిపోయింది, మళ్లీ కొందామనే అనుకున్నాం, మీ ఊరు రావడం కుదరక బజార్లో ప్యాకెట్ కొనేశాం. ఏడుగురు అడుగున మడ్డి చూసి ఏదో కలిపారనుకున్నారు. ఐదుగురికి రెండు నెలలకే కనరు వాసన వచ్చింది. నలుగురికి ఇంకా అయిపోలేదు, రాజోలు చెల్లెమ్మ చెప్పినట్టు తలకి మాత్రమే వాడుతున్నారు. ధర ఎక్కువ అన్నవాళ్లు ముగ్గురు. ముగ్గురే! ఇన్నాళ్లూ ధర ధర అని నేను కుమిలిపోయాను.

అమలాపురంలో ఒక టీచరమ్మగారు ఫోన్లో చెప్పిన మాట నన్ను పట్టుకుంది. "బాబూ, మడ్డి కనబడగానే పారబోశాను, పనిమనిషికి కూడా ఇవ్వలేదు, పసివాడికి రాసిన నూనె కదా, భయం వేసింది" అన్నారు. అప్పుడు ఆవిడ ఆ మాట నాకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, మళ్లీ రాలేదు, అంతే. ఆడిన రోజే డ్రమ్ములోంచి సీసాల్లోకి దించేస్తున్నాను, అది నా తప్పు. ఇప్పుడు మూడు రోజులు ఎండలో తేర్చి, పైన ఉన్న తేట మాత్రమే గుడ్డలో వడగట్టి పోస్తున్నాను. కనరు వాసన వచ్చిన ఐదుగురి తేదీలు చూస్తే నలుగురివి ఒకే వారంవి. తుఫాను ముసురు పట్టిన వారం, కొబ్బరి సరిగా ఎండకుండానే ఆడేశాను. పుస్తకంలో తేదీ లేకపోతే ఈ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. మడ్డి చూసిన ఏడుగురికీ, కనరు వాసన వచ్చిన ఐదుగురికీ వేరే సీసా ఊరికే ఇస్తానని చెప్పాను.

మిగతావాళ్లకి ఏమీ అమ్మాలని చేయలేదు, అయినా ఆ నాలుగు రోజుల్లో 14 లీటర్లకి ఆర్డర్లు వచ్చాయి. ఫోన్ ఖర్చు తప్ప ఒక్క రూపాయి పెట్టలేదు.

పాలకొల్లు_కొట్టు

బాబూ, ఇది చదివి మా ఆవిడకి కూడా వినిపించాను. ఊరికే ఇస్తానన్న సీసాలు పోస్టులోనో ఇంకొకరి చేతో పంపకు, నువ్వే పట్టుకెళ్లు. ఆ టీచరమ్మగారి ఇంటికి ముందు వెళ్లు.

రావడం కుదరక ప్యాకెట్ కొన్నాం అన్న పన్నెండు మందిని ఊళ్ల వారీగా రాసుకో. అమలాపురం, కొత్తపేట, ముక్కామల, ఎక్కడ ఎక్కువమంది ఉంటే ఆ ఊరికి వారంలో ఒక రోజు పెట్టుకో, బండి మీద డబ్బా కట్టుకుని. మంగళవారం అంటే మంగళవారమే, వాన పడినా, ఒక్క లీటరే ఉన్నా వెళ్లాలి. పాలవాడు వస్తాడని ఇల్లాలు గిన్నె కడిగి పెట్టుకున్నట్టు నీకోసం ఖాళీ సీసా కడిగి పెట్టుకోవాలి. సీసా తిరిగి ఇస్తే పది రూపాయలు తగ్గించు, ధర తగ్గించినట్టు కాదు, సీసా ఖర్చు నీకు మిగులుతుంది.

కొట్లకి వేయాలనుకుంటే ఒక మాట విను. మాకు లాభం శాతం కన్నా తలనొప్పి లేకపోవడం ముఖ్యం. నెలకి ఒకసారి వచ్చి పాత సీసా తీసి కొత్తది పెట్టేవాణ్ణి ఏ కొట్టువాడూ కాదనడు. అరువు మాత్రం రెండు వారాలు దాటనివ్వకు. డబ్బు అడగడానికి మొహమాటపడి మొదటి ఏడాదే మూతపడ్డ చిన్న వ్యాపారాలు నేను చాలా చూశాను, సరుకు బాగోక కాదు.

లెక్కల_మాస్టారు_భీమవరం

పెద్దాయనతో ఒక్క చోట ఒప్పుకోలేను. వాడిన సీసాలు తిరిగి తీసుకుని తినే నూనె నింపడం వద్దు. సరిగా ఆరని సీసాలో చుక్క తడి ఉన్నా మళ్లీ కనరు వాసన సమస్యే, పైగా లేబుల్ మీద తేదీ ఒకటి, లోపల నూనె ఇంకొకటి అవుతుంది. తినే నూనె విడిగా పోసి అమ్మకూడదని నిబంధన కూడా ఉంది, సీలు వేసిన సీసాలే ఇవ్వండి. ఎవరి కొబ్బరి వాళ్లు తెచ్చుకుని కూలికి ఆడించుకుంటే వాళ్ల డబ్బాలో పట్టుకెళ్తారు, అది వేరు.

పాలకొల్లు_కొట్టు

మాస్టారు చెప్పింది నిజమే. సీసా సంగతి నేను పాత పద్ధతిలో ఆలోచించాను. కొత్త సీసాలే ఇవ్వు బాబూ.

గానుగ_అంబాజీపేట

ఆరు వారాలైంది, ఎలా ఉందో చెప్పాలి కదండి. టీచరమ్మగారింటికి మొదటి మంగళవారమే వెళ్లాను. గుమ్మంలోనే నిలబెట్టి సీసా ఎండకి ఎత్తి చూశారు, అటు తిప్పి ఇటు తిప్పి చూశారు, తర్వాత లోపలికి రమ్మని మజ్జిగ ఇచ్చారు. వాళ్ల స్కూల్లో ఐదుగురు టీచర్ల నంబర్లు ఆవిడే రాసిచ్చారు. ఇప్పుడు మంగళవారం అమలాపురం, శుక్రవారం కొత్తపేట తిరుగుతున్నాను. పెట్రోలు ఖర్చు వారానికి 200 లోపే.

రేకుల అక్కగారు చెప్పినట్టు గానుగ రోడ్డు వైపుకి మార్చలేకపోయాను గానీ షెడ్డుకి రోడ్డు వైపు గోడ తీయించి గ్రిల్ పెట్టించాను. ఆదివారం పూట బస్సు కోసం నిలబడ్డవాళ్లు వచ్చి చూస్తున్నారు. కూలికి ఆడించుకోవడానికి మా చుట్టుపక్కల వాళ్లే ఇంతమంది వస్తారని నాకు తెలియదు, పోయిన ఆదివారం పదకొండు మంది. కడియం బ్రదర్ చెప్పిన మ్యాప్ కూడా పెట్టాను, అది చూసి ఇద్దరు వచ్చారు, ఇంకా చూడాలి.

రాజోలు చెల్లెమ్మా, నువ్వులు ఆడాను. మొదటిసారి మిషను వేగం ఎక్కువ పెట్టి నూనె వేడెక్కి రంగు మారింది, అది అమ్మలేదు, ఇంట్లోకి వాడుకుంటున్నాం. రెండోసారి బాగా వచ్చింది. మీ అపార్ట్‌మెంట్ వాళ్లకి అర లీటరు శాంపిల్ పంపుతాను, డబ్బులొద్దు, వాసన చూసి ఆవకాయకి పనికొస్తుందో లేదో మీరే చెప్పండి. మూతకి ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీద టేపు వేసి, పెట్టెని ఒక రాత్రంతా తలకిందులుగా పెట్టి చూశాను, చుక్క కారలేదు.

లెక్క చెప్పాలంటే పోయిన నెల 58 లీటర్లు వెళ్లాయి, అందులో చుట్టాలవి 9. ఆడిన కూలీ 1,150 వచ్చింది. లీటరుకి 80 చొప్పున 4,640, అదీ ఇదీ కలిపి 5,790, పెట్రోలు తీస్తే ఐదు వేల చిల్లర. వాయిదాకి ఇంకా రెండు వేలు తక్కువ పడుతోంది. కాకపోతే ఇప్పుడు ఆ రెండు వేలు ఎక్కడి నుంచి రావాలో పుస్తకం తీస్తే కనబడుతోంది, ఈ వారం నూనె అయిపోయే ఇళ్లు పద్నాలుగు ఉన్నాయి.

రేకుల అక్కగారూ, 100 మి.లీ. సీసాలు నలభై సిద్ధం చేశాను, నంబరు మూతల మీదే అంటించాను. వచ్చే శనివారం తెల్లవారుజామునే బయల్దేరి వాడపల్లి వస్తాను. మీ ఆడపడుచు గారి షాపు గుడికి ఏ వైపు వస్తుందో, ఎన్నింటికి తెరుస్తారో కాస్త చెప్పండి.